తొమ్మిదిన్నర చీటీ

కుట్టు షెడ్డు,
కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి

తమ్ముడూ,

మీ బావ వెళ్ళిపోయాడు. ఆ ముక్క ముందు రాసేస్తే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి కదిలేలా లేదు.

నేను పనిలో ఉండగా వెళ్ళాడు. "పనిమీద ఊరెళ్తున్నానమ్మా" అని అత్తగారికి చెప్పాడట. నాకు ఆ మాటైనా లేదు. అటక మీద ఆయన సొంత కామిక్స్ పెట్టె లేదు, రెండు చొక్కాలు లేవు. ఫోను బల్ల మీదే ఉంది, గొడుగు మేకుకే ఉంది. ఈ వానల్లో పుస్తకాల పెట్టె పట్టుకుని గొడుగు మర్చిపోయే మనిషా ఆయన? తడి చేత్తో పేజీ ముట్టుకున్నానని నాతో ఒక పూటంతా మాట్లాడని మనిషి!

ఆ పాత కామిక్స్ సంతలో జరిగిందానికే ఇదంతా. నువ్వు పక్కనే ఉన్నావు, నీకు కొత్తగా చెప్పేదేముంది, అయినా ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపులో మంట చల్లారదు. 'ముసుగు రౌతు' మొదటి సంచిక ఎంత చెక్కుచెదరకుండా ఉందో తేల్చమని గ్రేడింగుకి వస్తే ఆయన పదికి తొమ్మిది వేశాడు. "అచ్చయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు" అని ఆయన చెబుతుంటే ఎప్పట్లాగే చీటీ నేను రాశాను. ఆ చీటీ చూసే, పాత కామిక్స్ పోగేసే పళ్ళ డాక్టరు కొన్నాడు. తీరా సంతలో గట్టి దీపం కింద పెడితే రౌతు ఎర్ర అంగీ మీద ఎవరో పెన్నుతో కొత్త రంగు అద్దారని తేలింది. రంగు అద్దిన పాత పుస్తకం ఎందుకూ కొరగాదు, నీకు తెలిసిందే. "కళ్ళు నెత్తికెక్కాయా పెద్దమనిషీ" అన్నాడట ఆ డాక్టరు, అంతమందిలో. ఈయన ఒక్క మాట అనలేదట.

ఇంటికొచ్చాక కూడా అనలేదు. నేను కదిలిస్తే "ఏం లేదులే" అనేవాడు. గ్రేడింగుకి వచ్చిన పుస్తకాలన్నీ వెనక్కి పంపించేశాడు. ఆయన చీటీ ఉంటే చాలు, పుస్తకం తెరవకుండా కొనేవాళ్ళు కదరా జనం!

పోలీసు స్టేషనుకి వెళ్ళాను. "పెద్ద మనిషి, చెప్పే వెళ్ళాడు, ఆయనే వస్తాడు" అన్నారు. నువ్వు మాత్రం ఫోన్ చెయ్యకు. ఉన్నది ఒక్క గది, అత్తగారి చెవులు నా మాటల మీదే ఉంటాయి. కొడుకు నిజంగానే పనిమీద వెళ్ళాడని ఆవిడ నమ్మకం, ఆ గుండెకి ఇంకోమాట చెప్పలేను. షెడ్డుకే రాయి. యూనిఫాంల మధ్య కూర్చుని చదువుకుంటాను.

ఆయన్ని వెతుకు. నాకు భయం వేస్తోంది. ఏ భయమో రాయను, నీకు తెలుసు.

అక్క


దుకాణం,
గల్లా వెనకాల

అక్కా,

ఏడవకు అని రాద్దామని కూర్చున్నాను. తీరా చూస్తే నేనే ముక్కు తుడుచుకుంటున్నాను. ఇంక నీకేం చెప్పను!

అయినా విను. బావ దొరుకుతాడు. ఆయన పట్టుకెళ్ళింది కామిక్స్ పెట్టె. తిండికైనా గదికైనా అందులోంచే ఒక్కొక్కటి అమ్మాలి. అమ్మితే మన వ్యాపారంలోకే రావాలి, వేరే దారి లేదు. పాత పుస్తకం మనిషిలాంటిది, ఒకదానికున్న మచ్చ ఇంకోదానికుండదు. బావ పెట్టెలో ప్రతిదీ నాకు పుట్టుమచ్చలతో సహా తెలుసు. చిన్నప్పటి నుంచీ దొంగతనంగా చదివినవాణ్ణి కదా!

అనుకున్నట్టే ఒకటి బయటపడింది. మా గళ్ళచొక్కా లేడూ, ఊళ్ళు తిరిగి పాత పుస్తకాలు కొనుక్కొచ్చేవాడు, వాడు రైలు జంక్షన్ ఊళ్ళో కొన్నానని 'గాజు నగరం' ఒకటి తెచ్చాడు. నేను నోట్లో టీ మింగడం మర్చిపోయాను. వెనక అట్ట మీద, చిన్నప్పుడు నేనే కుర్చీ కాలు కింద పెట్టినప్పుడు పడ్డ గుండ్రటి నొక్కు. ఆ రోజు బావ నా చెవి ఎంత మెలేశాడో ఆ నొక్కు అంత లోతుగా ఉంది. పుస్తకం తొడిగిన ప్లాస్టిక్ సంచిలో చీటీ కూడా ఉంది. నీ రాత కాదు, ఆయన సొంత కోడిగీతలే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పై కుడి మూల మడత. వెన్ను మీద ఒత్తిడి గీతలు. పిన్నులు తుప్పు పట్టాయి, పట్టు వదల్లేదు. ఆరున్నర."

అమ్మినాయన నీరసంగా ఉన్నాడు గానీ బేరం మాత్రం ఆడలేదని గళ్ళచొక్కా చెప్పాడు. బావే. నేను రేపు ఆ ఊరు వెళ్తున్నాను.

తమ్ముడు


కుట్టు షెడ్డు,
కిటికీ పక్క మిషను

తమ్ముడూ,

ఆ చీటీ నువ్వు రాసింది రాసినట్టే చదివాను. ఎన్నిసార్లు చదివానో చెబితే నవ్వుతావు. వెన్ను మీద ఒత్తిడి అన్నాడు. తుప్పు పట్టినా పట్టు వదల్లేదు అన్నాడు. అంటే బతకాలని ఉన్నట్టే కదరా? అవునను.

పిచ్చిదాన్నే, ఒప్పుకుంటాను. ఆయన నాకు ఒక్క ఉత్తరమైనా రాసిన మనిషి కాదు. పెళ్ళిచూపుల తర్వాత కూడా నాన్నకి రాశాడు గానీ నాకు రాయలేదు. ఇప్పుడు ఊరు కాని ఊళ్ళో చీటీలు రాసి వదులుతున్నాడు. నాకు కాకపోతే ఎవరికంట?

అత్తగారు రోజూ అడుగుతుంది. "ఈసారి పని బాగా ఉన్నట్టుంది, ఇన్నాళ్ళు ఉండిపోయాడు" అంటుంది. "అవునత్తయ్యా, పెద్ద కలెక్షనట" అంటాను. అబద్ధాలు నాకు ఇంత బాగా వస్తాయని నాకే తెలియదు. అని, బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పుతాను. ఈ నెల నీళ్ళ బిల్లు నా ఏడుపు బిల్లే.

ఆ ఊరు వెళ్ళావా? కనపడ్డాడా? కనపడితే తిట్టకు. ముందు తిన్నాడో లేదో అడుగు.

అక్క


దుకాణం

అక్కా,

పిన్నులంటే పిన్నులే అక్కా. పుస్తకం కుట్టిన ఇనప పిన్నులు. బావ పాతికేళ్ళుగా రాస్తున్న మాటలే అవి, నీచేతే ఎన్ని వందలసార్లు రాయించి ఉంటాడు! వాటిలో అర్థాలు వెతికి ప్రాణం తీసుకోకు.

జంక్షన్ ఊరు వెళ్ళాను. స్టేషన్ ఎదురు లాడ్జిలో ఉన్నాడట, ముందురోజే ఖాళీ చేశాడట. మర్నాడు గనుల ఊరినుంచి ఇంకో పుస్తకం వచ్చిందని తెలిస్తే అక్కడికీ పరుగెత్తాను. లేడు. తర్వాత రేవు ఊరి దగ్గర్లో ఇంకోటి. నేను వెళ్ళేసరికి ఆయన వెళ్ళిపోయి ఉంటున్నాడు. నా చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా నాకు ఎప్పుడూ దొరకలేదు ఈయన.

ఇలా వెనకాల పరిగెడితే లాభం లేదని ఒక పని చేశాను. పెట్టెలో ఉండాల్సిన పుస్తకాలన్నిటి గుర్తులూ, ఏ మూల మడత, ఎక్కడ చిరుగు, ఏ అట్ట మీద ఎవరి ముద్ర, అన్నీ రాసి ఊరూరా వర్తకులందరికీ పంపాను. "ఇవి ఎవరైనా తెస్తే ఆ మనిషిని కదలనివ్వకుండా ఆపి, నాకు కబురు చెయ్యండి" అన్నాను. బావ ఇల్లొదిలి పోయాడని మాత్రం రాయలేదు. ఆయన పరువు, నీ పరువు ఊరంతా ఎందుకు ఆరబెట్టాలి?

ఈసారి తప్పించుకోలేడు చూడు.

తమ్ముడు


కుట్టు షెడ్డు

తమ్ముడూ,

ఎన్నాళ్ళయింది నువ్వు రాసి? టపా మనిషి వచ్చిన ప్రతిసారీ నేను లేచి నిలబడుతుంటే మిగతా ఆడవాళ్ళు ముఖముఖాలు చూసుకుంటున్నారు. ఆపినట్టేనా? ఎవరైనా ఆపారా?

మంచి కబురైతే ఈపాటికి రెక్కలు కట్టుకుని వచ్చేవాడివి. చెడ్డదైనా సరే రాయి. ఈ తెలియకపోవడం నావల్ల కాదు. నిన్న ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టాను.

అక్క


దుకాణం,
తలుపు వేసుకుని

అక్కా,

నేను గాడిదని. చదివేముందే ఆ మాట అనేసుకో, నాకు కొంచెం తేలిక.

మా వ్యాపారంలో గుర్తులతో సహా జాబితా తిరిగిందంటే దానికి ఒకటే అర్థం. సొత్తు పోయింది, తెచ్చినవాణ్ణి పట్టుకోండి అని. ఏ దుకాణంలో చోరీ జరిగినా మేం చేసేది అదే. నేనూ చేశాను, పోయినేడు. అయినా బావని వెతికే తొందర్లో ఆ ఊసే తట్టలేదు. పైగా మనిషిని ఆపమన్నాను! ఎందుకో రాయలేదు! మీ పరువు కాపాడదామని నోరు కట్టేసుకుని, చివరికి బావ నెత్తిన దొంగ అని ముద్ర కొట్టాను.

రేవు ఊళ్ళో వర్తకుడు పట్టుకున్నాడు. మన వ్యాపారంలో బావ పేరు తెలియనివాడు లేడు గానీ ముఖం తెలిసినవాళ్ళు ఎంతమంది? పుస్తకాలు టపాలో వచ్చేవి, చీటీలు టపాలో వెళ్ళేవి. "ఇవి నా పుస్తకాలే, చీటీలు నేను రాసినవే" అన్నాడట. వీళ్ళు పాత చీటీ పక్కన పెట్టి చూశారు. పాతదాని మీద నీ గుండ్రటి అక్షరాలు, కొత్తదాని మీద కోడిగీతలు. "దొంగతనమే కాక దొంగ చీటీలు కూడానా" అని కూలీలిద్దరిచేత చేతులు పట్టించారట. పోలీసులకి ఫోన్ చేస్తుంటే విదిలించుకుని, పెట్టె వదిలేసి పోయాడట. "ముసలాడు మెట్లు కూడా చూసుకోలేదండీ, పడుతూ లేస్తూ పరుగెత్తాడు" అని నవ్వుతూ రాశాడు నాకు. బహుమతి ఇస్తాననుకున్నాడు కాబోలు, పెట్టె జాగ్రత్తగా పార్సిల్ చేసి పంపాడు.

ఆ పెట్టె నా ఎదురుగా ఉంది. ఇక అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఏ పుస్తకమూ ఎక్కడా బయటపడదు. ఉన్న ఒక్క దారీ నేనే మూసేశాను అక్కా.

ఇంకొకటుంది. రాయకూడదనుకున్నాను గానీ ఒకసారి దాచి చూశాగా ఏమైందో. పెట్టెలో పుస్తకాలకి ఆయన ముందే చీటీలు రాసి పెట్టుకున్నాడు. కూర్చుని ఒక్కొక్కటీ పుస్తకంతో పోల్చి చూశాను. మడత రాశాడు, చిరుగు రాశాడు, తుప్పు రాశాడు, నా గోటి గీత కూడా రాశాడు. కానీ 'రాగి మనిషి' అట్ట మీద అంత పెద్ద టీకప్పు మరక ఉంటే రాయలేదు. లైబ్రరీ ముద్ర రాయలేదు. ఎండకి సగం పాలిపోయిన అట్టకి "రంగు బాగుంది" అన్నాడు. తడిమితే తెలిసేవన్నీ ఉన్నాయి. చూస్తే తప్ప తెలియనిది ఒక్కటీ లేదు.

బావకి కళ్ళు కనపడటం లేదక్కా.

తమ్ముడు


కుట్టు షెడ్డు,
గోదాములో, బట్టల తానుల మధ్య

ఒరేయ్,

నిన్ను తిట్టడానికి నాకు తెలిసిన తిట్లు చాలవు. మా ఆయన చేతులు కూలీలు పట్టుకున్నారా? పెట్టెడు పుస్తకాలతో పాటు ఆయన మాట కూడా లాక్కున్నారా? "నావే" అంటే నమ్మలేదా? నువ్వు ఎదురుగా ఉంటే చీపురు తిరగేసేదాన్ని. వెధవా. వెధవన్నర వెధవా.

సరే. తిట్టాను. ఇప్పుడు విను.

నీ ఉత్తరంలో చివరి ముక్క చదివి ఎక్కడ కూర్చున్నానో నాకు తెలియలేదు. ఏడాదిగా ఆయన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమేవాడు. "ఇలా అయితేనే నిజం తెలుస్తుందే" అనేవాడు. ఎంత గొప్ప పనివాడో అని మురిసిపోయాను, మొద్దుని. చెబుతూ చెబుతూ మధ్యలో మామూలుగా అడిగేవాడు, "రంగు ఎలా ఉంది?" అని. నేను మిరపకాయలు బాగున్నాయా అని అడిగితే చెప్పినట్టు చెప్పేదాన్ని.

'ముసుగు రౌతు' అప్పుడూ అడిగాడు. "భలే ఉందండీ, అంగీ కొత్తదానిలా మెరుస్తోంది" అన్నాను.

మెరవదా మరి? కొత్త రంగు కదా! పెన్నుతో అద్దిన రంగు వేలికి తగలదు. ఆయనకి తెలిసే దారి నేనొక్కదాన్నే. నేను మెరుస్తోంది అన్నాను, ఆయన తొమ్మిది వేశాడు. సంతలో అంతమంది నవ్వుతుంటే "మా ఆవిడ చెప్పింది" అనలేదు. ఇంటికొచ్చి నన్నూ అనలేదు.

నేను ఏడుస్తూ కూర్చోను. ఆయన్ని మనం పట్టుకోలేం, తేలిపోయింది. ఆయనంతట ఆయనే రావాలి. ఆయన దేనికి వస్తాడో నాకు తెలుసు. ఆకలేస్తే రాడు, జ్వరం వస్తే రాడు. తన పేరు మీద తప్పు గ్రేడు ఉందని తెలిస్తే కాటికి వెళ్ళేవాడు కూడా లేచి వస్తాడు. ఒకసారి అర పాయింటు ఎక్కువ పడిందని వర్తకుడి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి చీటీ చింపి వచ్చాడు, నీకు గుర్తుండే ఉంటుంది.

అందుకే ఒక చీటీ రాసి ఇందులో పెట్టాను. చూడు. ఆ 'రాగి మనిషి'కే. మరకతో, చీలిన వెన్నుతో, ఊడిన పేజీతో. "మచ్చ లేదు, అచ్చయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, తొమ్మిదిన్నర." లోకమంతా ఆయన రాత అనుకునేది నా రాతేగా! దాన్ని అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టు. సంతకి తీసుకెళ్ళు. ఎవరు చూసినా పొట్ట పట్టుకుని నవ్వాలి. కళ్ళు పోయినా ఆయనకి చెవులున్నాయి.

అక్క


దుకాణం

అక్కా,

నీకు మతి పోయింది.

ఆ చీటీతో ఆ పుస్తకం పెడితే పోయేది బావ పేరొక్కటే కాదు. ఆయన ఒక్కసారి పొరబడ్డాడని జనం ఇప్పటికీ సగం నమ్మలేదు. ఇది చూస్తే పూర్తిగా నమ్ముతారు. ఇక నా దుకాణం అంటావా, తప్పు చీటీ అని తెలిసీ అమ్మకానికి పెట్టినవాణ్ణి సంతలో మళ్ళీ బల్ల వేయనివ్వరు. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఇంకేదైనా చెప్పు చేస్తాను, కాళ్ళరిగేలా తిరుగుతాను. ఇది వద్దు.

తమ్ముడు


కుట్టు షెడ్డు

తమ్ముడూ,

పేరు మిగిలి మనిషి పోతే ఆ పేరు నేనేం చేసుకోను? చీటీ అంటించి గోడకి వేలాడదీయనా?

పెట్టు.

అక్క


దుకాణం

అక్కా,

పెట్టాను. సంతకీ తీసుకెళ్ళాను.

మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత నవ్వారు. పళ్ళ డాక్టరు వచ్చి అద్దంలోంచి వంగి చూసి, తలుపు తెరిపించి, పుస్తకానికీ చీటీకీ కలిపి ఫొటో తీసుకున్నాడు. అది ఊరూరా తిరుగుతోంది. ఏ పాత పుస్తకాల బండి దగ్గర చూసినా ఇదే ముచ్చటట. ఎవడైనా పనికిమాలిన వస్తువు తెస్తే "తొమ్మిదిన్నర" అని నవ్వుకుంటున్నారని గళ్ళచొక్కా చెప్పాడు. వాడు కూడా నా దగ్గరికి రావడం మానేశాడు, వాడి పొట్ట వాడిది.

సంత సంఘం వాళ్ళు మర్యాదగానే చెప్పారు, వచ్చేసారి నాకు బల్ల లేదని. నిన్నంతా దుకాణానికి వచ్చింది ఒక్కరే, అదీ పక్క షాపు అడ్రసు అడగడానికి.

ఇవన్నీ నీ మీద నేరం మోపడానికి రాయడం లేదు. బావ గురించి మాత్రం చీమంత కబురు లేదు. ఇంక ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు. నీకు తోస్తే చెప్పు.

తమ్ముడు


ఆసుపత్రి,
బయట బెంచీ మీద

తమ్ముడూ,

పోలీసు స్టేషన్ నుంచి షెడ్డుకి మనిషి వచ్చాడు. ఎవరో అనామకుడు రోడ్డు దాటుతూ లారీ కింద పడి పోయాడట, ఆయనేమో చూసి చెప్పమన్నారు. మిషను ఆపి, దారం తెంపి, చెప్పులు వేసుకుని బయల్దేరాను. ఎలా నడిచానో తెలియదు. ఆ గది తలుపు ముందు నిలబడితే లోపలి మనిషి "ఎవరి తాలూకు" అని అడిగాడు. లోపలికి వెళ్ళాను.

ఆయన కాదు.

ఎవరో ఒక పెద్దాయన. ఆయనకీ ఒక ఇల్లాలు ఉండే ఉంటుంది, ఎక్కడో ఎదురు చూస్తుంటుంది. కాదు అని తెలియగానే నాకు నవ్వొచ్చింది రా. ఆ మనిషి నన్ను అదోలా చూశాడు. ఇంటికెళ్తే అత్తగారు ముఖం చూసి పట్టేస్తుంది, అందుకే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

నీ దుకాణం కూడా ముంచేశాను. ఆయన పేరు ముంచేశాను. ఇంకా రాలేదంటే వినడానికి ఆయనే లేడేమో. ఇంతకాలం రాయనన్న భయం ఇదే. ఇప్పుడు రాశాను.

అక్క


దుకాణం

అక్కా,

బావ నా ఎదురుగా ఉన్నాడు.

కేకలు పెట్టకు, పూర్తిగా చదువు. ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకి తెలియదు, సరుకు లెక్క రాసుకుంటున్నానని చెప్పాను. "దానికి కబురు పెట్టావో, ఇప్పుడే లేచిపోతాను" అంటున్నాడు. అందుకే ఫోన్ చెయ్యలేదు. యూనిఫాంలు దించడానికి మీ షెడ్డు లారీ ఈ వీధికే వచ్చింది, డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

మధ్యాహ్నం వచ్చాడు. అడుగడుక్కీ ఎవరో ఒకర్ని అడుగుతూ వచ్చాడట. బాగా చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది, మోకాలికి కట్టుంది. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే తిట్లు మొదలెట్టాడు. "ఏరా, నీకు సిగ్గూ శరం ఉందా? నేను చచ్చాననుకుని నా పేరు మీద వ్యాపారం పెట్టావా? ఏది ఆ పుస్తకం? తే!" వీధంతా వినపడింది. నేను ఆనందంతో ఏడుస్తుంటే, భయంతో ఏడుస్తున్నాననుకుని ఇంకా తిట్టాడు.

రేవు ఊళ్ళోనే ఒక బైండింగు షాపులో ఉన్నాడట, అచ్చయిన ఫారాలు వరసగా సర్దే పని. చేతులతో చేసేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదట. అక్కడికి వచ్చినవాళ్ళెవరో తొమ్మిదిన్నర అని నవ్వుకుంటుంటే విన్నాడట. కూలి కూడా తీసుకోకుండా బస్సెక్కాడు.

పుస్తకం చేతికిచ్చాను. వెన్ను మీద వేలు ఒక్కసారి పోనిచ్చాడు, పేజీ వదులుగా ఉందని పట్టుకున్నాడు. "రెండున్నర. మించితే చెయ్యి నరుక్కుంటాను" అన్నాడు. తర్వాత చీటీ తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. పక్కకి తిప్పి, వెలుతురులోకి వెళ్ళి, మళ్ళీ చూశాడు. చివరికి "చదివి పెట్టరా, నాకు కనపడటం లేదు" అన్నాడు. అంత గొంతేసుకుని తిట్టిన మనిషి ఆ మాట మాత్రం గొణిగాడు.

చదివాను. ఎవరు రాశారన్నాడు. అక్క రాసింది, నువ్వు వస్తావని రాసింది అన్నాను. బావ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"దానికెప్పుడూ అంతేరా," అన్నాడు. "నాకూ ఎప్పుడూ ఎక్కువే వేసేది."

ఇక ఆపుకోలేకపోయాడు.

ఎన్ని విధాల చెప్పినా ఇంటికి రానంటున్నాడు. కంటి డాక్టరు ఇది నయమయ్యేది కాదన్నాడట, ఏడాది కిందటే. మిషను తొక్కి అత్తగారిని పోషిస్తున్నది చాలక తనని కూడా నడిపించాలా అంటున్నాడు. పొద్దున్నే వెళ్ళిపోతాడట. నేను గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుంటాను. తర్వాత సంగతి నీ చేతుల్లో ఉంది.

తమ్ముడు


కుట్టు షెడ్డు,
గేటు దగ్గర, లారీ ఆపి

తమ్ముడూ,

ఇది నువ్వు చదువుకోవడానికి కాదు. ఆయన్ని కూర్చోబెట్టి, గట్టిగా, ఒక్క ముక్క మింగకుండా చదువు. ఫోన్లో అయితే పెట్టేస్తాడు, ఉత్తరం పెట్టెయ్యలేడు. డ్రైవరు వెనక్కి మీ ఊరే వస్తున్నాడు, కాళ్ళా వేళ్ళా పడి ఆపాను.

ఏమండీ,

రౌతు అంగీ మెరుస్తోందని చెప్పింది నేను. నాలుక చివర ఉన్న ఆ మాట అంతమందిలో మింగేశారు. అందుకు మీకు దణ్ణం పెట్టాలో, నాలుగు దులపాలో తేల్చుకోలేకపోతున్నాను. కనపడటం లేదే అని ఒక్క మాట అనుంటే మెరుపుకీ రంగుకీ తేడా నేర్చుకునేదాన్ని కదా. పాతికేళ్ళు నాచేత లోపాలు రాయించారు, మీ లోపం ఒక్కటీ చెప్పడానికి నోరు రాలేదా?

మీ అమ్మకి ఇప్పుడే పరుగున వెళ్ళి అంతా చెప్పాను. ఏడవలేదు. "మీ మామగారికీ ఇంతే, గోడలు పట్టుకుని తిరుగుతూ నాకేం కాలేదనేవాడు. వీడు కంచం తడుముకోవడం చూసి నాకెప్పుడో తెలుసు. నీకు తెలియదు కదా, బెంగపడతావని చెప్పలేదు" అంది. ఆవిడ నాకు దాచింది, నేను ఆవిడకి దాచాను, మీరు ఇద్దరికీ దాచారు. ఒక్క గదిలో ముగ్గురం! ఇంత తెలివైన సంసారం ఇంకెక్కడా ఉండదు.

నాకు భారం అవుతారట. భారం అంటే ఏమిటో నేను చెబుతాను వినండి. మొన్న శవాల గది తలుపు ముందు నిలబడ్డాను. లోపల ఉన్నది మీరో కాదో తెలియదు. ఆ తలుపు తెరిచేదాకా మోసింది భారం. చెయ్యి పట్టుకుని నడిపించడం కాదు.

లారీలో మనుషుల్ని ఎక్కించుకోనన్నాడు, ఇవాళ్టికి బస్సు లేదు. రేపు మొదటి బస్సుకి వస్తున్నాను. నేను వచ్చేలోగా కదిలితే నా మీద ఒట్టే. మీకు నేను కనపడకపోతే ఏం, నాకు మీరు కనపడితే చాలు. వీధి మొదట్నుంచే కేకేస్తాను. ఆ గొంతు పట్టుకుని బయటికి రండి.